గడియారంలో దిక్కు, గచ్చుమీద గీత

గల్ఫ్ దేశాలనుండి సెలవుపై వచ్చే మన పిల్లల పెట్టెలలో ఒకప్పుడు అత్తరు సీసాలు, ఖర్జూరపు డబ్బాలు, మెత్తని జానమాజులు కనిపించేవి. ఇప్పుడు వాటి సరసన దిక్సూచి గల చేతి గడియారం కూడా చేరింది. మీట నొక్కగానే అంకె వెలుగుతుంది, చిన్న గుర్తు ఉత్తరాన్ని చూపుతుంది. ఖిబ్లా ఎటన్నది ఇక ఎవరినీ అడగనక్కరలేదన్న ధీమా దానిని ధరించిన వారికి కలుగుతుంది. ఆ ధీమా తప్పని మేము అనము. అయితే ఆ గడియారాన్ని ఎలా అడగాలో తెలియకపోతే అది ఎంత గట్టిగా చెబుతుందో అంత గట్టిగా తప్పుదారి పట్టిస్తుంది. ఒక వేసవిలో జువ్వలదిన్నెలో ఏడెనిమిది మంది నిలబడే చిన్న జమాఅతులో ఈ గడియారం మూలాన మాటపట్టింపు వచ్చింది. అందులో నొచ్చుకున్న వ్యక్తి మా ఇంటి పెద్ద. అందువల్ల ఈ సంగతిని కొంత వివరంగానే రాస్తున్నాము.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, కావలికి దగ్గరగా, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం జువ్వలదిన్నె. ఇటీవలి కాలంలో అక్కడ ఫిషింగ్ హార్బర్ కట్టడంతో పేరు నలుగురికీ తెలిసింది. మా తమ్ముడు పడవల ఇంజన్ల మరమ్మతు చేస్తాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. వేటకు సెలవైతే ఇంజన్ల మెకానిక్కుకు అదే కోతలకాలం. ఏడాది పొడవునా వాయిదా వేసిన పనులన్నీ ఆ రెండు నెలలలోనే మీద పడతాయి. జుహర్, అసర్ వేళలకు పని వదిలి దూరం వెళ్ళలేక, కొన్నేళ్ళ క్రితం ఒక నిషేధ కాలంలోనే, షెడ్డు పక్కన చిన్న సిమెంటు అరుగు వేసుకున్నారు. అది మస్జిద్ కాదు, కేవలం నమాజు చేసుకునే చోటు. దానిని వేసినవారు మా చాచా. నలభై ఏళ్ళు తాపీపని చేసిన చేయి ఆయనది. గచ్చు తడిగా ఉండగానే, మగ్రిబ్ వేళకు సూర్యుడు దిగే చోటును చూసుకొని, తాపీ అంచుతో ఒక గీత గీశారు. నాటినుండి సఫ్‌లన్నీ ఆ గీతను బట్టే.

మా అన్నగారి అబ్బాయి కువైట్‌నుండి సెలవుపై వచ్చి ఒకనాడు మాతోపాటు అక్కడికి వచ్చాడు. అసర్‌కు ముందు షెడ్డు గడపలో నిలబడి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ అరుగుమీదికి వచ్చి చూసుకున్నాడు. ఆ తరువాత అందరూ వింటుండగా, "చోటే దాదా, మీ గీత తప్పండీ. ముప్పై డిగ్రీలు తేడా ఉంది. ఇన్నేళ్ళూ మీరంతా వేరే దిక్కుకు నమాజు చేశారు" అన్నాడు.

చాచా ఏమీ అనలేదు. ఆ పూట నమాజు చేశారు. మరునాడు అసర్‌కు రాలేదు. ఇంట్లోనే చేసుకున్నానని కబురు పంపారు. ఆ కబురులో కోపం లేదు. అందువల్లనే మాకు ఎక్కువ బాధ కలిగింది. కుర్రవాడిని నిందించడానికీ మనసొప్పలేదు. ఖిబ్లాను పట్టించుకునే యువకుడు ఇంట్లో ఉండడం అల్లాహ్ అనుగ్రహమే. తేలవలసింది ఒక్కటే: గడియారం నిజమా, గీత నిజమా?

మొదట అంకె సంగతి. జువ్వలదిన్నె సుమారు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.1 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. కాబా 21.4 డిగ్రీల ఉత్తరాన, 39.8 డిగ్రీల తూర్పున. గోళంమీద లెక్కకడితే మన తీరంనుండి ఖిబ్లా ఉత్తరంనుండి కుడిచుట్టుగా 286 డిగ్రీలు. అంటే సరిగ్గా పడమర కాదు, పడమరకు 16 డిగ్రీలు కుడివైపుకు, ఉత్తరంవైపుకు. దూరం దాదాపు 4300 కిలోమీటర్లు. మన పల్లెలలో "ఖిబ్లా అంటే పడమర" అనే మాట వాడుకలో ఉన్నది గాని, ఆ మాటలో పదహారు డిగ్రీల వెసులుబాటు దాగి ఉన్నది. కువైట్‌లో అదే ఖిబ్లా 225 డిగ్రీలు, నైరుతి. మావాడు తన గడియారంలో గుర్తుపెట్టుకున్న 225ను వచ్చిన రోజే 286కు మార్చుకున్నాడు. చాలామంది ఈ మార్పును మరచిపోతారు కనుక ఇక్కడ ఒక మాట చెబుతున్నాము. ఊరు మారితే గడియారంలోని ఊరూ మారాలి. అంకె విషయంలో కుర్రవాడు సరిగ్గానే ఉన్నాడు. తేడా వచ్చింది సూచి దగ్గర.

గడియారంలో ఉన్న దిక్సూచికి నిజానికి ముల్లు లేదు. లోపల ఒక చిన్న సెన్సరు తనకు తగిలే అయస్కాంత బలాన్ని కొలుస్తుంది. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం సుమారు 40 మైక్రోటెస్లాలు. ఫ్రిజ్ తలుపుకు అతికించే బిళ్ళ అయస్కాంతం తన ముఖంవద్ద దానికి వంద రెట్ల బలం చూపగలదు. ఫోను స్పీకరులో అయస్కాంతం ఉన్నది, కొన్ని ఫోను కవర్ల మూతలలో ఉన్నది, కొన్ని గడియారపు పట్టీల కొక్కెంలోనూ ఉన్నది. గడియారంలోని ఉక్కు భాగాలు కూడా కాలక్రమాన ఎంతో కొంత అయస్కాంతత్వం పట్టుకుంటాయి. అప్పుడు సెన్సరు భూమిని కొలవదు. భూమినీ తన సొంత బరువునూ కలిపి కొలుస్తుంది.

క్యాలిబ్రేషన్ అనేది ఈ సొంత బరువును తీసివేసే పని. కాసియో వంటి గడియారాలలో సాధారణంగా ఇది రెండు దశలలో జరుగుతుంది. గడియారాన్ని మట్టంగా ఉన్న చోట పెట్టి ఒకసారి మీట నొక్కాలి. కదపకుండా, వంచకుండా సరిగ్గా 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ నొక్కాలి. ఇందులోని కిటుకు చిన్నదే. గడియారం తిరిగినప్పుడు, దాని దృష్టిలో భూమి బలం ఎదురు దిక్కుకు మారుతుంది. గడియారంలో ఉన్న అయస్కాంతత్వం మాత్రం గడియారంతోపాటే తిరుగుతుంది కనుక మారదు. రెండు కొలతల సగటు తీస్తే భూమి భాగం ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి, మిగిలేది గడియారపు సొంత భాగం. దానిని ప్రతి కొలతనుండీ తీసివేస్తారు. మరికొన్ని గడియారాలు, ఫోన్లు గాలిలో ఎనిమిది అంకె చుట్టినట్లు తిప్పమని అడుగుతాయి. లెక్క కొంత పెద్దదే గాని ఉద్దేశం అదే.

అయితే క్యాలిబ్రేషన్ చేయలేని పని ఒకటున్నది. మన చుట్టూ ఉన్న ఇనుము గడియారంతోపాటు తిరగదు. ఇంజను బ్లాకు పక్కన నిలబడి పదిసార్లు సరిచూసినా ఆ ఇంజను ప్రభావం పోదు. సిమెంటు అరుగు చూడడానికి రాయిలా ఉన్నా లోపల ఇనుప కమ్మీలుంటాయి. మావాడు ఒకసారి ఇంజన్లమధ్య చూశాడు, మరొకసారి కమ్మీలమీద చూశాడు. రెండు చోట్లా ఇంచుమించు ఒకే అంకె వచ్చేసరికి అది నిజమేనని గట్టిగా నమ్మాడు.

ఈ తికమకను మొదట పసిగట్టింది మాలో ఎవరమూ కాదు. పడవ బాగుచేయించుకోవడానికి వచ్చి కూర్చున్న ఒక సరంగు. ఆయన గడియారాన్ని చేతిలోకి తీసుకొని నాలుగు చోట్లకు నడిచి చూసి, "తమ్ముడూ, ఇంజను పక్కన దిక్సూచి పెడితే అది ఇంజన్నే చూపిస్తుంది. మేం పడవలో దాన్ని ఎంత దూరంగా పెడతామో చూడలేదా? ఇసకలోకి పోదాం రా" అన్నాడు. జీపీఎస్ వచ్చాక కూడా పడవలో దిక్సూచి ఉంచుకుంటామని, పడవ నిలిచి ఉంటే జీపీఎస్‌కు ముందు ఏదో వెనుక ఏదో తెలియదని కూడా ఆయనే చెప్పాడు. సముద్రంమీద దిక్కు తప్పితే ఏమవుతుందో తెలిసిన మనిషి చెప్పే మాటలో ఒక బరువుంటుంది. కుర్రవాడు మారు మాట్లాడకుండా వెంట నడిచాడు.

ఇసుకలో, పడవలకూ కరెంటు స్తంభాలకూ దూరంగా ఒక చెక్కపలక పరచి, దానిని రసమట్టంతో సరిచూశాము. ఆ రసమట్టం చాచాదే, షెడ్డులో ఉండిపోయినది. ఫోన్లు, తాళంచెవులు దూరంగా పెట్టించాము. గడియారాన్ని పలకమీద పెట్టి, ముందుగా గీసుకున్న తిన్నని గీతవెంట తిప్పి క్యాలిబ్రేషన్ పూర్తిచేశాడు. కొలతకోసం మళ్ళీ అరుగు దగ్గరికి వెళితే లాభం లేదు కదా! అందుకని అరుగుమీది గీతకు ఒక పొడవాటి నూలుదారాన్ని ఆనించి, దానిని తిన్నగా లాగుకుంటూ ముప్పై అడుగుల ఆవల ఇసుకలోకి తెచ్చాము. ఆ దారంవెంట గడియారాన్ని మట్టంగా పట్టి, పన్నెండు గంటల గుర్తును దారంతో కలిపి చూస్తే 293 వచ్చింది.

ఇక్కడ ఇంకొక చిన్న సవరణ ఉన్నది. అయస్కాంతపు ఉత్తరం, భూమి నిజమైన ఉత్తరం ఒకటి కావు. ఆ రెంటిమధ్య కోణాన్ని దిక్పాతం అంటారు. మన కోస్తాలో అది ఒకటి రెండు డిగ్రీలకు మించదు. అందువల్ల ఇక్కడ దానిని వదిలేసినా పెద్ద చిక్కు లేదు. కాని అమెరికాలోని సియాటిల్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు అది సుమారు 15 డిగ్రీలు తూర్పుకు, న్యూజెర్సీవైపు 12, 13 డిగ్రీలు పడమరకు ఉంటుంది. సియాటిల్ ఖిబ్లా సుమారు 18 డిగ్రీలు. అక్కడ ఈ సవరణ చేయని గడియారంలో 18 చూసుకొని నిలబడితే నిజానికి 33 డిగ్రీలకు నిలబడినట్లే. మంచి గడియారాలలో ఈ సవరణను అంకెగా నమోదు చేసే వీలుంటుంది. చేసుకోవడమే మేలు.

సవరణ తరువాత చాచా గీత 292 అని తేలింది. ఉండవలసినది 286. తేడా ఆరు డిగ్రీలు, అదీ కుర్రవాడు చెప్పినదానికి ఎదురువైపున. అతని మాట విని గీతను ముప్పై డిగ్రీలు తిప్పి ఉంటే 322కు పోయేవారు.

గడియారం మాట నిజమో కాదో గడియారాన్నే అడగడం న్యాయం కాదు కనుక వేరే సాక్షి కావలసి వచ్చింది. అది దగ్గరలోనే ఉన్నది. ఏటా మే 27, 28 తేదీలలో మక్కా కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12:18కి సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిమీదికి వస్తాడు. అప్పుడు మనకు 2:48. మళ్ళీ జూలై 15, 16 తేదీలలో మన కాలమానం 2:57కు వస్తాడు. ఆ క్షణంలో భూమిమీద సూర్యుడు కనిపించే ప్రతిచోటా సూర్యుడున్న వైపే ఖిబ్లా. అయస్కాంతం అక్కరలేదు, లెక్క అక్కరలేదు. అదృష్టవశాత్తు మేము ఉన్నది సరిగ్గా ఆ రోజులలోనే.

చాచాను పిలవడానికి మేమే వెళ్ళాము. గీత సంగతి ఎత్తలేదు. "ఒక గడ నిలువుగా నాటాలి చాచా, మీ చేయి పడితే గాని నిటారుగా ఉండదు" అన్నాము. నవ్వకుండానే లేచి వచ్చారు. ఆరడుగుల వెదురు గడను నాటి, దారానికి రాయికట్టి నాలుగు పక్కలా చూసి, మన్ను దట్టించారు. ఎండ నిప్పులు చెరుగుతున్నది. 2:48కి గడ నీడ ఐదడుగులకు కొంచెం తక్కువగా, సముద్రంవైపు పడింది. నీడ కొసన నిలబడి గడ మొదలువైపు చూస్తే అదే ఖిబ్లా. మావాడు నీడవెంట ఇసుకలో పుల్లతో గీశాడు. ఆ గీతమీద గడియారం పెడితే 288 చూపింది. దిక్పాతం తీసివేస్తే 287. లెక్క ప్రకారం ఉండవలసినది 286. ఇసుకలో సరిచూసుకున్న గడియారాన్ని నమ్మవచ్చునని అప్పుడు తేలింది.

కుర్రవాడు చాచాను అడిగిన మొదటి ప్రశ్న క్షమాపణ కాదు. "దాదా, ఏ పరికరమూ లేకుండా అంత దగ్గరగా ఎలా గీశారు?"

సమాధానం సగం చాచా దగ్గర, సగం సూర్యుడి దగ్గర ఉన్నది. సూర్యుడు రోజూ పడమర అస్తమిస్తాడని మనం అనుకుంటాము గాని, సరిగ్గా పడమర అస్తమించేది ఏడాదికి రెండే రోజులు. మన తీరంలో డిసెంబరు చివర 246 డిగ్రీల వద్ద, జూన్ మూడవ వారంలో 294 వద్ద దిగుతాడు. ఆ రెంటిమధ్య 48 డిగ్రీల వెడల్పు. ఖిబ్లా ఉన్న 286 వద్ద దిగేది మే మొదటి వారంలోనూ ఆగస్టు రెండవ వారంలోనూ. ఇక వేట నిషేధం ఉన్న రోజులను చూడండి. ఏప్రిల్ 15న 280, జూన్ 14న 294. అంటే ఆ 61 రోజులలో ఏ సాయంత్రం గీత గీసినా ఎనిమిది డిగ్రీలకు మించి తప్పదు. అరుగు వేసింది మే చివరి వారంలో. అప్పటి అస్తమయం 292. చాచా తాపీ సూర్యుణ్ణి కచ్చితంగా పట్టుకున్నది.

ఆరు డిగ్రీల మాటా చూడాలి. 4300 కిలోమీటర్ల దూరాన ఒక్క డిగ్రీ తప్పితే మక్కా దగ్గర సుమారు 70 కిలోమీటర్లు పక్కకు పోతాము. మంచి చేతి గడియారానికైనా కొన్ని డిగ్రీల అటూ ఇటూ తప్పదు. అంటే ఏ గడియారమూ మనల్ని సూటిగా కాబా గోడ ఎదుట నిలబెట్టలేదు. ధర్మశాస్త్రవేత్తలు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించారు. కాబాను కళ్ళారా చూస్తున్న వ్యక్తి సరిగ్గా దానికే అభిముఖం కావాలి. దూరాన ఉన్నవారికి ఆ దిక్కు చాలు. హనఫీ విద్వాంసులు 45 డిగ్రీల లోపు తేడాతో నమాజు చెడదని చెప్పారు. (ఆ లెక్కన కుర్రవాడి 322కూడా చెల్లేదే! ఈ మాట అతనికి చెబితే కొంత తేరుకున్నాడు.) దిక్కు తెలియని చోట చేతనైనంత విచారించి, మనసు నిలిచిన వైపుకు నమాజు చేసినవారి నమాజు, తరువాత పొరపాటని తెలిసినా నెరవేరినట్లే. ఆ విచారణనే తహర్రీ అంటారు. హిజ్రీ రెండవ సంవత్సరంలో ఖిబ్లా మారినప్పుడు అవతరించిన బఖరా సూరా 144వ ఆయతు విశ్వాసులు ఎక్కడ ఉన్నా మస్జిదె హరామ్ వైపు ముఖం తిప్పాలని ఆదేశిస్తుంది.

అంతమాత్రాన సూక్ష్మంగా చూడడం వృథా అని కాదు. మన పూర్వులు దానికోసం జీవితాలు ధారపోశారు. అల్ బీరూనీ 1025లో పూర్తిచేసిన గ్రంథంలో గజ్నీనుండి ఖిబ్లాను కనుగొనడానికి ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలను ఒక్కొక్కటిగా లెక్కకట్టాడు. నీళ్ళలో తేలే అయస్కాంతపు సూదితో నావికులు దిక్కు చూసుకోవడాన్ని 1240ల తొలినాళ్ళలో సముద్రయానంలో స్వయంగా చూశానని బైలక్ అల్ ఖిబ్జాఖీ 1282లో రాశాడు. యెమెన్ సుల్తాను అల్ అష్రఫ్ ఉమర్ 1290 ప్రాంతంలో దిక్సూచితో ఖిబ్లా చూసే విధానాన్ని ఒక రచనలో వివరించాడు. ఇనుముకు భయపడడమూ కొత్త కాదు. బొంబాయిలో కరెంటు ట్రాములు రాబోతున్నాయని, కొలాబాలోని అయస్కాంత పరిశోధనశాలను 1904లో అలీబాగ్‌కు తరలించారు. శాస్త్రవేత్తలే ఇసుకను వెతుక్కుంటూ వెళ్ళిన చోట, ఇంజన్లమధ్య చూసిన అంకెతో ఒక పెద్దాయన గీతను కొట్టివేయవలసిన అవసరం మాకైతే కనిపించలేదు.

ఎండ లేనప్పుడు ఇంకొక సాక్షి ఉన్నది. ఫజర్‌కు ముందు మబ్బులేని ఆకాశంలో ధ్రువ నక్షత్రం చూడవచ్చు. జువ్వలదిన్నెలో అది ఉత్తరాన దిగంతానికి సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చేయి బారజాపి పిడికిలి పట్టుకుంటే పిడికిలిన్నర. దానికి ఎదురుగా నిలబడి గడియారంలోని ఉత్తరం కలిసిందో లేదో చూసుకోవచ్చు. బ్యాటరీ మార్చిన తరువాత, అయస్కాంతం దగ్గరగా తగిలిన తరువాత, చాలా రోజులు వాడకుండా పెట్టిన తరువాత ఒకసారి ఇలా చూసుకొని, తేడా ఉంటే ఇసుకలోకి వెళ్ళి క్యాలిబ్రేషన్ చేసుకుంటే సరిపోతుంది.

అరుగు సంగతికి వస్తే, గీతను అలాగే ఉంచవచ్చునని అందరమూ అనుకున్నాము. చాచా ఒప్పుకోలేదు. తెలిసిన తరువాత ఎందుకు ఉంచాలని ఆయన ప్రశ్న. టేపు తీసి కొలిచారు. పదడుగుల అరుగుకు ఆరు డిగ్రీలంటే కొసన ఒక అడుగు తేడా. ఎడమకు అడుగు జరిపి సుద్దతో గుర్తుపెట్టారు. వచ్చే నిషేధంలో గచ్చు కొత్తగా వేసినప్పుడు గీత మారుతుంది, అంతవరకు చాపలు కొద్దిగా ఏటవాలుగా పరచుకోవాలి. ఆనాటి అసర్‌కు ఆయనే ముందు నిలిచారు. కుర్రవాడు వెనుక సఫ్‌లో, గడియారం తీసి జేబులో పెట్టుకొని నిలిచాడు.

నమాజు తరువాత అరుగు అంచున కూర్చొని చాచా అడిగారు: "ఏం బేటా, ఈ గచ్చు డిసెంబరులో వేసి ఉంటే మమ్మల్నందరినీ ఎక్కడ నిలబెట్టేవాణ్ణి?"

కుర్రవాడు ఫోనులో లెక్క చూసి చెప్పాడు. "246కు దాదా. నలభై డిగ్రీలు ఎడమకు."

"చలికాలంలో సిమెంటు పని పెట్టుకోకూడదని అందుకే అనేవాణ్ణి" అన్నారు చాచా, తన రసమట్టాన్ని సంచిలో పెట్టుకుంటూ.